లెక్కలు నేర్పొద్దన్న చట్టం



ఈసారి గోడపత్రికలో దక్షిణాఫ్రికా గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. అక్కడ 1948లో నేషనల్ పార్టీ ప్రభుత్వం వచ్చింది. వాళ్ల విధానం పేరు అపార్థీడ్, అంటే వేరు చేసి ఉంచడం. వివక్ష అంతకుముందూ ఉంది. కానీ అప్పట్నుంచి చట్టం మీద చట్టం చేసి దాన్ని గట్టిపరిచారు. 1950లో ఒక చట్టం ప్రతి మనిషికీ ఫలానా జాతి అని రాసేసింది. ఇంకో చట్టం ఏ జాతివాళ్లు ఎక్కడ కాపురం ఉండాలో చెప్పింది. నల్లవాళ్లు పట్నంలో తిరగాలంటే పాసు పుస్తకం చూపాలి, లేకపోతే జైలే. 1860 తర్వాత చెరకు తోటల్లో కూలికి వెళ్లిన వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లల్ని కూడా ఇండియన్లు అని వేరే పేటలకు పంపారు.

ఇవన్నీ చెడ్డ చట్టాలే. కానీ అన్నిటికంటే చెడ్డది 1953లో వచ్చిన బంటూ విద్యా చట్టం అని నేనంటాను. పాసు చట్టం మనిషిని రోడ్డు మీద ఆపుతుంది. ఇది పిల్లల్ని ఎదగకముందే ఆపుతుంది. ఆ శాఖ మంత్రి వెర్వోర్డ్. నల్లపిల్లలకు లెక్కలు నేర్పి ఏం లాభం అన్నట్టు ఆయన పార్లమెంటులోనే మాట్లాడాడు. మా ఇంట్లో బడి మెట్టు ఎక్కిన మొదటిదాన్ని నేనే. అందుకే ఆ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. లెక్కలు వస్తేనే కదా సంతలో తూకం, చేతికొచ్చిన కూలి సరిగా ఉన్నాయో లేదో తెలిసేది! ఎదుటివాడికి లెక్కలు రాకూడదని కోరుకునేవాడు వాణ్ణి మోసం చేయాలని చూసేవాడే.

1974లో ఇంకో ఉత్తర్వు వచ్చింది. లెక్కలు, సోషల్ ఆఫ్రికాన్స్ భాషలోనే చెప్పాలట. అది పాలించే తెల్లవాళ్ల భాష. పిల్లలకే కాదు, చాలామంది టీచర్లకూ అది సరిగా రాదు. 1976 జూన్ 16న సొవెటోలో వేలమంది బడిపిల్లలు ఊరేగింపు తీశారు. పోలీసులు కాల్చారు. హెక్టర్ పీటర్సన్ అనే 12 ఏళ్ల అబ్బాయి చనిపోయాడు. మనకంటే చిన్నవాడు. తర్వాతి నెలల్లో వందలమంది చనిపోయారు. జూలైలోనే ప్రభుత్వం ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది.

చదువుకునే పిల్లలకు ఊరేగింపులెందుకు అని కొందరు పెద్దవాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. వాళ్లు చదువు ఎగ్గొట్టడానికి రాలేదు, అర్థమయ్యే చదువు కోసం వచ్చారు.

అపార్థీడ్ ఒక్కరి వల్ల పోలేదు. 1956లో దాదాపు 20 వేలమంది ఆడవాళ్లు పాసులు వద్దని ప్రిటోరియాకు వెళ్లారు. మన దేశం 1946లోనే వాళ్లతో వ్యాపారం మానేసింది. నల్ల సూరీడు మండేలా 27 ఏళ్లు జైల్లో ఉండి 1990లో బయటికొచ్చాడు. పాసు చట్టాలు 1986లో, జాతి రాసే చట్టం 1991లో పోయాయి. 1994 ఏప్రిల్‌లో అన్ని జాతులవాళ్లూ ఓట్లు వేశారు, మండేలా అధ్యక్షుడయ్యాడు. అయినా పేద బడి, డబ్బున్న బడి అనే తేడా అక్కడ ఇంకా పోలేదు. చట్టం కొట్టేయడం ఒక రోజు పని. చదువు సమానం చేయడం ఏళ్ల పని.

మన దేశంలో అలాంటి చట్టం లేదు. మన రాజ్యాంగం అందరూ సమానమే అంది. కానీ తెలియని భాషలో లెక్కలు వినడం ఎలా ఉంటుందో మనకూ తెలుసు. ఇంట్లో కోయ మాట్లాడి వచ్చిన చిన్నపిల్లలు భాగహారం అనగానే బిక్కమొహం వేస్తారు. తెలివి లేక కాదు, మాట తెలియక.

జూన్ 16 ఇప్పుడు అక్కడ యువజన దినం. మనకు బడి తెరిచే రోజులు కూడా అవే. వార్డెన్ మేడమ్ గారికి నా మనవి ఒకటే. ఆ రోజు నుంచి ఒక నెలపాటు స్టడీ అవర్‌లో అరగంట ఇవ్వండి. పెద్ద తరగతుల అక్కలం కొత్తగా చేరిన చెల్లెళ్లకు కోయలో లెక్కలు చెబుతాం.

ఇట్లు,
మీ స్నేహితురాలు,
9వ తరగతి