ఉపగ్రహానికి కనిపించని గుడిసె

బెంగళూరులో పెద్ద వాన పడిన ప్రతిసారీ అదే మాట వింటున్నాం: కాలువల పక్కన గుడిసెలు వేసుకున్నవాళ్ల వల్లే నగరం మునుగుతోందట. ఈ మాట మేము ఒప్పుకోం.

1972 నుంచి లాండ్‌శాట్ ఉపగ్రహాలు నేలను చిత్రిస్తున్నాయి. 2008 నుంచి ఆ చిత్రాలు అందరికీ ఉచితం. వాటిని పోల్చి భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు తేల్చిందిదీ: 1973-2010 మధ్య బెంగళూరులో కట్టడాల విస్తీర్ణం 584 శాతం పెరిగింది. పచ్చదనం 66 శాతం, నీటి వనరులు 74 శాతం తగ్గాయి. ఇంత నేలను కప్పింది రేకుల షెడ్లా? ధర్మాంబుధి చెరువు బస్టాండయింది. సంపంగి చెరువు స్టేడియమయింది. ఒక చెరువు నిండితే రాజకాలువ గుండా కింది చెరువుకు నీరు పారే వరుసను లేఅవుట్లు, టెక్ పార్కులు తెంపేశాయి. 2022 సెప్టెంబరులో ఖరీదైన విల్లాలూ మునిగాయి.

అలాగని ఉపగ్రహాన్నీ గుడ్డిగా నమ్మలేం. లాండ్‌శాట్ చిత్రంలో ఒక్క గడి అంటే నేల మీద 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. 1970ల చిత్రాలు ఇంకా ముతక. టెక్ పార్కు వాటిలో దొరికిపోతుంది. చెట్ల కింద పది గుడిసెల సందు కనిపించదు. ఈ నగరాన్ని ఊడ్చే పౌరకార్మికుల్లో ఎందరో ఇంట్లో తెలుగు మాట్లాడే దళితులు. వాళ్లలో చాలామంది ఉండేది అలాంటి సందుల్లోనే. "పాత చిత్రంలో మీ ఇల్లు లేదు, మీరు ఆక్రమణదారులు" అంటే అది న్యాయమా? రేషన్ కార్డు, కరెంటు బిల్లు, సంఘంలోని బాప్తిస్మపు రిజిస్టరు కూడా సాక్ష్యాలే.

మా డిమాండ్లు మూడు. చెరువుల పరీవాహక ప్రాంతాల చిత్రాలను పాత గ్రామ పటాలతో కలిపి వార్డులవారీగా బయటపెట్టాలి. తొలగింపు పెద్ద కట్టడాలతో మొదలవ్వాలి. బస్తీవాసులను కలుపుకొని సర్వే చేయకుండా, దగ్గర్లోనే ఇల్లు చూపకుండా ఒక్క గుడిసె కూడా కూల్చకూడదు.

పొరుగువాని సరిహద్దు రాయి జరపడాన్ని ధర్మశాస్త్రం శపించింది. చెరువు హద్దు జరిపినవాళ్ల గురించి మన సంఘాలు ఎందుకు మాట్లాడవు?

యౌవనస్థులారా, వచ్చే ఆదివారం కూటమి అయ్యాక ఫోన్‌లో మీ బస్తీ పాత చిత్రాలు తెరిచి చూడండి. తర్వాత పెద్దవాళ్ల దగ్గర కూర్చొని, వాళ్లు అక్కడికి ఏ ఏడు వచ్చారో, అప్పుడు చెరువు ఎక్కడిదాకా ఉండేదో రాసుకోండి. జేసీబీ రాకముందే ఆ కాగితం మన చేతిలో ఉండాలి.