పదింటి తర్వాత స్లాబ్

రాత్రిపూట పక్కింట్లో స్లాబ్ వేస్తే ఎలా ఉంటుందో హైదరాబాద్‌లో ఏ కాలనీ వాళ్లనడిగినా చెబుతారు. బాగా పొద్దుపోయాక రెడీమిక్స్ లారీలు ఒకదాని వెనక ఒకటి సందులోకి దిగుతాయి. మలుపులో వెనక్కి తీసుకునేటప్పుడల్లా బీప్ బీప్ అని అలారం. పంపు ఇంజను రొద, కాంక్రీటులోకి దించిన వైబ్రేటర్ మోత, ఆ రెండింటినీ మించి వినపడాలని మేస్త్రీ కేకలు. ఒక లారీ ఖాళీ అయ్యేలోపు ఇంకోటి రాకపోతే ఆ కేకలు ఇంకాస్త పెరుగుతాయి. ఎదురింటి పెద్దాయన బాల్కనీలోకి వచ్చి గట్టిగా అడిగితే సైటు మనిషి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఈ ఒక్క రాత్రికే సార్, మధ్యలో ఆపితే స్లాబ్ పాడైపోతుంది."

చట్టం ప్రకారమైతే ఆ ఒక్క రాత్రి కూడా కుదరదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలకు 2010లో చేసిన సవరణ ఈ విషయంలో మొహమాటపడలేదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లోనూ, ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలాల్లోనూ మోత చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. ఆ సవరణలోనే హారన్ గురించి చెప్పినచోట అత్యవసర పరిస్థితికి మినహాయింపు ఉంది. పండగల మైకులకైతే, ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి దాకా అనుమతించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. కాంక్రీటు పంపుకు మాత్రం ఏ వెసులుబాటూ లేదు. అయినా ఊళ్లో రాత్రి స్లాబులు ఆగలేదు. అందుకే, షరతులు పెట్టి ముందే అనుమతిచ్చే పద్ధతి ఉంటే నయమా, లేక ఇప్పుడున్న నిషేధాన్నే గట్టిగా అమలు చేయాలా అన్నది ఆలోచించాల్సిన విషయం.

ముందు కట్టేవాళ్ల ఇబ్బంది చూద్దాం. రెడీమిక్స్ కాంక్రీటును ప్లాంటులో లారీకెత్తిన 2 గంటల్లోపు దించేయాలని భారత ప్రమాణం ఐఎస్ 4926 చెబుతోంది. గట్టిపడడాన్ని ఆలస్యం చేసే రసాయనాలు కలిపితే కొంత ఎక్కువ వ్యవధి దొరుకుతుంది. ప్లాంట్లేమో ఊరి శివార్లలో ఉంటాయి. పగలు భారీ వాహనాలకు ట్రాఫిక్ ఆంక్షలు. ఆంక్షల్లేని దారిలో వచ్చినా ఏ జంక్షన్‌లో ఎంతసేపు ఇరుక్కుంటుందో డ్రైవరుకే తెలియదు. ఈలోపు అప్పటికే పోసిన కాంక్రీటు బిగుసుకుపోతే దాని పక్కన కొత్తగా పోసింది సరిగా అతుక్కోదు. సైటులో దాన్ని కోల్డ్ జాయింట్ అంటారు. వానాకాలంలో నీళ్లు కారేది ఆ గీతలోంచే. ఎండాకాలంలో మరో చిక్కు. 40 డిగ్రీలు దాటిన వాతావరణంలో కాంక్రీటు పనికి విడిగా జాగ్రత్తలే ఉన్నాయి. మే నెల మధ్యాహ్నం, సెంట్రింగ్ మీద కాలు పెట్టలేని వేడిలో తట్టలు మోసే కూలీల వైపు నుంచి చూస్తే సాయంత్రం చల్లబడ్డాక పని మొదలుపెట్టడమే న్యాయం. కాబట్టి రాత్రి స్లాబును ఒట్టి బిల్డర్ లాభాపేక్షగా కొట్టిపారేయలేం. ఒక శాఖ పగలు లారీ రాకూడదంటుంది, ఇంకో నిబంధన రాత్రి పంపు నడవకూడదంటుంది. రెండూ జనం మేలు కోరి పెట్టినవే, కానీ రెండింటికీ మధ్య ఇల్లు కట్టే సమయమే మిగలడం లేదు.

ఇక పక్కింటివాళ్ల సంగతి. నివాస ప్రాంతంలో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదన్నది మన ప్రమాణం. అమెరికా ఫెడరల్ హైవే శాఖ పట్టికలో చూస్తే కాంక్రీటు పంపు ట్రక్కు 50 అడుగుల దూరంలో 80 డెసిబెల్స్ ప్రాంతంలోనూ, జాక్‌హ్యామర్ 90కి దగ్గరలోనూ ఉంటాయి. మన కాలనీల్లో 30 అడుగుల రోడ్డుకు అవతల ఎదురిల్లు, గోడకు ఆనుకున్నట్టే పక్కిల్లు. 50 అడుగుల దూరమన్నదే మనకు దక్కదు. పైగా డెసిబెల్ లెక్క కూడికల లెక్క కాదు. 10 పెరిగితే చెవికి మోత దాదాపు రెట్టింపైనట్టు అనిపిస్తుంది. మర్నాడు పరీక్ష ఉన్న పిల్లలు, రాత్రి మందులేసుకుని పడుకున్న ముసలివాళ్లు, బాలింతలు ఎక్కడికి పోతారు? సైటులోనే కాపురముండే వాచ్‌మన్ కుటుంబం తరఫున ఫిర్యాదు చేసేవాళ్లూ ఉండరు. "ఒక్క రాత్రే" అనేది బిల్డర్ లెక్క. ఒకే వీధిలో నాలుగు సైట్లుంటే, ఆ నలుగురి ఒక్క రాత్రులూ భరించేది అదే పక్కింటివాళ్లు.

అయితే నిషేధాన్నే గట్టిగా అమలు చేస్తే సరిపోదా? అక్కడే అసలు చిక్కు. 100కు ఫోన్ చేసి, పెట్రోలింగ్ బండి వచ్చేసరికి స్లాబ్ సగం పోసి ఉంటుంది. ఆపమంటే, ఆ సగం స్లాబ్ కింద రేపు కాపురముండబోయే కుటుంబాలకు నష్టం. వదిలేస్తే ఫిర్యాదు చేసినవాళ్లకు అన్యాయం. కానిస్టేబుల్ అటూ ఇటూ చూసి "త్వరగా కానివ్వండి" అని వెళ్లిపోతే తప్పంతా ఆయనదే అనలేం. మొదలుపెట్టకముందైతే వద్దనడానికి ఖర్చేమీ లేదు. మొదలయ్యాక కాదనడమంత ఖరీదైన పని లేదు. నిబంధన ఎంత గట్టిదైనా, దాని మీద నిర్ణయం తీసుకునే ఘడియ రాత్రి ఒంటిగంట అయితే గెలిచేది కాంక్రీటే.

ముందస్తు అనుమతి పద్ధతి ఎలా ఉంటుందో న్యూయార్క్‌లో చూడొచ్చు. అక్కడ నిర్మాణ పనులకు మామూలు వేళలు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు. ఆ వేళలు దాటితే, వారాంతమైతే, నగర భవన శాఖ నుంచి విడిగా పర్మిట్ తీసుకోవాలి. అత్యవసరం, ప్రజాభద్రత, నగరం చేపట్టిన పనులు, పెద్దగా మోత లేని పనులు అంటూ కారణాలను చట్టం పేర్కొంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ జాబితాలో దరఖాస్తుదారు చేతిలో లేని ఆర్థిక ఇబ్బందులు, షెడ్యూలు ఒత్తిళ్లకూ చోటుంది. ఏ బిల్డరుకు షెడ్యూలు ఒత్తిడి ఉండదు? పర్మిట్లు మరీ సులువుగా దొరుకుతున్నాయని అక్కడివాళ్లు గొణుక్కోవడానికి కారణం ఈ తలుపే. మన దగ్గర ఆ తలుపు తెరిస్తే అది ఇంకో ఫీజు కౌంటర్ అవుతుందన్న భయం ఉత్తిది కాదు. అప్పుడు పక్కింటివాళ్లు ఫోన్ చేసినా "వాళ్ల దగ్గర పర్మిషన్ ఉందండీ" అన్న మాటే వినపడుతుంది. ఇప్పుడు కనీసం కాగితం మీదైనా చట్టం వాళ్ల పక్షాన ఉంది.

ఈ భయానికి విరుగుడు పనుల లెక్కలో ఉంది. స్టిల్ట్ మీద 5 అంతస్తుల అపార్ట్‌మెంటుకు పడే ప్రధాన స్లాబులు 6. మధ్యలో ఆపితే నిజంగా నష్టపోయే పని ప్రధానంగా ఇదే. టైల్స్ కోయడం, ఇనుము దించడం, సెంట్రింగ్ విప్పడం, సెల్లారులో బ్రేకరుతో బండ పగలగొట్టడం వంటివన్నీ సాయంత్రం ఆపి పొద్దున మొదలుపెట్టుకోగలిగినవే. వీధికి నరకం చూపించేవీ ఎక్కువగా ఇవే. అందుచేత అనుమతి సైటుకు ఇవ్వకూడదు, పనికి ఇవ్వాలి. స్లాబుకు మాత్రమే, తేదీ వేసి, ముగింపు వేళ రాసి, ఇల్లు మొత్తానికి ఇన్ని రాత్రులేనని కట్టడి చేసి ఇవ్వాలి. రెండు రోజుల ముందు చుట్టుపక్కల ఇళ్లకు చెప్పడం, గేటు మీద అనుమతి కాగితం, బాధ్యుడి ఫోన్ నంబరు పెట్టడం షరతులు కావాలి. డిపాజిట్ కట్టించుకుని వేళ దాటితే జప్తు చేయాలి. ఆస్పత్రి పక్కన, పరీక్షల రోజుల్లో ఇవ్వనే కూడదు. మెట్రో, ఫ్లైఓవర్ వంటి పనుల గురించి విడిగా ఆలోచించొచ్చు. పగలు రోడ్డు మూస్తే ఊరంతా ఆగిపోతుంది, ప్రయోజనమూ ఊరందరిదీ. సొంత అపార్ట్‌మెంటుకు ఆ వాదన వర్తించదు.

రాత్రి అనుమతికన్నా ముందు ఇంకో మార్గం చూడాలి. ఆదివారం ఉదయం రోడ్లు కాస్త ఖాళీగా ఉంటాయి. ఆ పూట రెడీమిక్స్ లారీలకు ట్రాఫిక్ పోలీసులు దారి చూపితే చాలా స్లాబులు రాత్రి దాకా రావు. ఉన్న ఒక్క సెలవు పోయిందన్న విసుగు ఉంటుంది, కానీ రాత్రి రెండింటికి నిద్ర చెడడం కంటే అది తేలిక.

ఆ దారీ కుదరకపోతేనే రాత్రి అనుమతి. దానికి కేంద్ర నిబంధననే సవరించాలి. మున్సిపాలిటీ తనంతట తాను సడలించలేదు. నిషేధం తొలగించమని అడగడం కాదిది. స్లాబ్ రాత్రికే వేయాలని రుజువు చేసుకునే భారం కట్టేవాళ్ల మీద పడాలని అడగడం. అదీ లారీలు వీధిలోకి రాకముందు, ఆఫీసు వేళల్లో, పక్కింటివాళ్లూ తమ మాట చెప్పుకోగలిగిన చోట జరగాలి.