బానెట్ కింది వంశవృక్షం

మందిర్ హసౌద్ పేరు చాలామంది తెలుగువారికి రైలు కిటికీలోంచే పరిచయం. విజయనగరం నుంచి రాయ్‌పూర్ వెళ్లే బండి గమ్యానికి కాస్త ముందు దాటే స్టేషన్ అది. చమురు డిపోలున్న ఊరు. ఆ రైలుమార్గానికి ఈ చివరనున్న ఛత్తీస్‌గఢ్ అడవుల్లోనైనా, ఆ చివరనున్న ఉత్తరాంధ్ర మన్యంలోనైనా ఒకప్పుడు సర్కారు వాహనమంటే జీపే. అందులో తిరిగిన తహసీల్దార్లు, రేంజర్లు జనానికి గుర్తే. దాని ఇంజన్ ఎవరి బుర్రలో పుట్టిందో మాత్రం ఎవరూ అడగలేదు.

అడిగితే వచ్చే జవాబు ఆసక్తికరం. బార్నీ రూస్ అనే ఇంజనీరు 1938లో అమెరికాలోని విల్లీస్-ఓవర్‌లాండ్ కంపెనీలో చేరారు. ఆయన చేతికొచ్చింది 1920ల నాటి విప్పెట్ కారు నుంచి వారసత్వంగా అందిన నాలుగు సిలిండర్ల ఇంజన్. సత్తా 48 హార్స్‌పవర్. రూస్ దాన్ని పక్కనపెట్టి కొత్తది గీయలేదు. అల్యూమినియం పిస్టన్లు వేశారు, గట్టి లోహాలు వాడారు, కొలతలు బిగించారు. అదే 2.2 లీటర్ల ఇంజన్ 60 హార్స్‌పవర్‌కు చేరి 'గో డెవిల్' అయింది. 1940లో అమెరికా సైన్యం నిర్వహించిన జీపు పరీక్షల్లో విల్లీస్‌కు బలం అదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే నమూనాపై విల్లీస్, ఫోర్డ్ తయారుచేసిన 6 లక్షలకు పైగా జీపులను నడిపిందీ అదే.

1947లో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు ప్రారంభించింది. తర్వాత 'హరికేన్' ఇంజన్ వచ్చింది. గో డెవిల్‌కే మరో మార్పు: లోపలికి గాలి పీల్చే వాల్వులను పైకి తెచ్చారు. దాంతో ఇంజన్ ఎత్తు పెరిగింది, బానెట్టూ ఎత్తయింది. మన జీపు ముఖానికి ఆ రూపం ఇచ్చింది ఈ వాల్వులే.

1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు జీపు భారమైంది. యజమానులు షెడ్డుకెళ్లి డీజిల్ ఇంజన్ పెట్టించుకున్నారు. మహీంద్రా కూడా తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో డిజైన్‌తో డీజిల్ ఇంజన్లు చేసింది.

చిక్కంతా ఇక్కడే. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 'వింటేజ్' గుర్తింపు దక్కాలంటే వాహనానికి 50 ఏళ్లు నిండాలి. చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులేవీ ఉండకూడదు. నకిలీలను ఆపడానికి ఈ షరతు అవసరమే. కానీ దీనివల్ల గ్యారేజీలో ముసుగు కప్పుకుని పడుకున్న బండి వారసత్వ సంపద అవుతుంది. ఇంజన్ మార్చుకుని మన్యం ఘాట్లెక్కిన జీపు ఉత్త పాతబండిగా మిగులుతుంది. ఫిట్‌నెస్ పరీక్ష తప్పితే తుక్కే.

ఈ కొలతతో చూస్తే రూస్ పనికీ మార్కులు పడవు. ఆయన చేసిందీ ఒకరి ఇంజన్‌ను మార్చడమే. కాబట్టి ఆర్సీ పుస్తకంలో చట్టబద్ధంగా నమోదైన పాత ఇంజన్ మార్పిడిని లోపంగా కాక చరిత్రగా చూసే వేరే తరగతి ఒకటి నిబంధనల్లో ఉండాలి. లేకుంటే మన మ్యూజియాల్లో అమెరికా జీపులు మిగులుతాయి. మన జీపులు కొలిమికి పోతాయి.