ఆ ఫోటో ఎందుకు మసకగా వచ్చింది?



స్పోర్ట్స్ డే మర్నాడు మా క్లాస్ వాట్సాప్ గ్రూపు నిండా ఒకటే మాట: "మేడమ్, మా బాబుది క్లియర్‌గా ఉన్న ఫోటో ఏమైనా ఉందా?" ఆ రోజు స్కూల్ కెమెరా నా చేతిలోనే ఉంది. నిజం చెప్పేస్తాను, తీసినవాటిలో సగానికి పైగా మసకే. వెనక కాంపౌండ్ వాల్ మీది అక్షరాలు చక్కగా చదవొచ్చు, ముందున్న పిల్లలే పొగలా ఉన్నారు.

తప్పు ఫోన్‌ది కాదు. లెక్క చూడండి. 100 మీటర్లు 16 సెకన్లలో పరుగెత్తే పిల్లాడు సెకనుకు ఆరు మీటర్లు దాటేస్తాడు. షట్టర్ స్పీడ్ 1/60 సెకను ఉంటే, ఆ కాస్త సమయంలోనే పది సెంటీమీటర్లు కదులుతాడు. ముఖం పక్కకి సాగినట్టు పడుతుంది. 1/1000 పెడితే ఆ కదలిక ఆరు మిల్లీమీటర్లే. ఇది షట్టర్ సంగతి. గోడ స్పష్టంగా ఉండి, పిల్లాడు సాగకుండా ఉత్తినే మెత్తగా కనిపిస్తే మాత్రం అది ఫోకస్ సంగతి. కెమెరా గోడని పట్టుకుంది. మనకి ఎదురుగా పరుగెత్తి వచ్చేవాళ్లతో మరీ కష్టం, దూరం క్షణక్షణం మారుతుంటే లెన్స్ వెంటపడుతూనే ఉండాలి. అందుకే కానన్‌లో ఏఐ సర్వో, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సీ అని విడిగా మోడ్ ఉంటుంది. ఆ రోజు నేనది మార్చడం మర్చిపోయాను.

ఫోన్‌తో అయితే నాకు నమ్మకమైన దారి ఒక్కటే. ఫినిషింగ్ లైన్ పక్కన నిలబడి, పిల్లలు బయల్దేరకముందే ఆ సున్నం గీత మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేయండి. పిల్లాణ్ణి వెతక్కండి, వాడే గీత దగ్గరికి వస్తాడు. జూమ్ జోలికి పోవద్దు, చేతి వణుకు కూడా పెద్దదవుతుంది. యాన్యువల్ డే స్టేజి మీద వెలుతురు తక్కువ కాబట్టి, డాన్స్ చివర అందరూ పోజులో ఆగినప్పుడు తీస్తే చాలు.

ఇదంతా రాయడానికి అసలు కారణం రెండో తరగతి 50 మీటర్ల పరుగు. ఒక పాప అందరికంటే ముందుంది. వాళ్ల నాన్నగారు ట్రాక్‌లోకి వచ్చి మోకాళ్ల మీద కూర్చుని "ఇటు చూడమ్మా!" అని అరిచారు. పాప ఆగింది. రెండు వేళ్లు చూపించి నవ్వింది. ముగ్గురు దాటిపోయారు. ఫోటో మాత్రం చాలా బాగా వచ్చిందట. రాదా మరి, ఆగిపోయింది కదా! తర్వాత నా దగ్గరికొచ్చి, "మిస్, నాన్న పిలిస్తే ఆగకూడదా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

ఆయన మీద నాకు కోపం లేదు. సెలవు పెట్టుకుని మరీ వచ్చారు. కానీ ఈసారి ట్రాక్ పొడవునా తాడు కట్టమని పీఈటీ సార్‌ని అడిగాను. ఫినిషింగ్ లైన్ పక్కన, తాడు ఇవతల మీకు చోటుంటుంది. నేనూ కెమెరాతో అక్కడే ఉంటాను, ఈసారి మోడ్ మార్చుకునే వస్తాను.