జంగ్ బందయింది, కానూన్ బందు కాలేదు

సరిహద్దులో తుపాకి పేలిన రోజున మా ఇళ్లలో రేడియో గొంతు తగ్గుతుంది. కరాచీ నుంచి ఖాలాజాన్ రాసిన ఉత్తరాలు ట్రంకుపెట్టె అడుక్కి పోతాయి. నిన్నటిదాకా చాయ్ పంచుకున్న హోటలు బెంచీ మా మొహంలోకి చూస్తుంది: ఎవరు గెలవాలనుకుంటున్నావు మియా? మేం ఏం చెప్పినా ఆ ప్రశ్నే ఒక విచారణ.

మా తగాదా బెంచీతో కాదు. ఆ ప్రశ్నను చట్టంగా రాసుకుని, యుద్ధం ముగిశాక కూడా చించెయ్యని సర్కారుతో.

చైనాతో యుద్ధం నెలరోజులు. 1962 నవంబరు 21న చైనాయే కాల్పులు ఆపింది. అక్టోబరు 26న ప్రకటించిన ఎమర్జెన్సీ మాత్రం 1968 జనవరి దాకా నడిచింది. డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద పట్టుకుపోయినవాడు నా హక్కు పోయిందని కోర్టుకెక్కే దారి మూసేశారు. చైనా మూలాలున్నాయన్న ఒక్క కారణంతో సుమారు 3 వేల మందిని, పసిపిల్లలతో సహా, రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపుకు తోలారు. ఇక్కడే పుట్టినవాళ్లు వాళ్లలో ఎందరో! కొందరు 1967 దాకా అక్కడే ఉన్నారు. కాల్పులాగిన రెండేళ్లకు, 1964 డిసెంబరు చివర, అవే రూల్స్‌తో వందలమంది మార్క్సిస్టుల్ని లోపల వేశారు. మన సుందరయ్యగారూ వాళ్లలో ఒకరు.

1971లో పాకిస్తాన్ సైన్యం డిసెంబరు 16న ఢాకాలో లొంగిపోయింది. 3వ తేదీన పెట్టిన ఎమర్జెన్సీని మాత్రం ఎత్తెయ్యలేదు. 1975 జూన్‌లో దానిమీదే ఇంకొకటి పెట్టారు. మీసాను కొత్తగా చెయ్యాల్సిన పని కూడా లేకపోయింది, 1971 నుంచీ సిద్ధంగానే ఉంది. లక్షమందికి పైగా జైళ్లలో పడ్డారు. పోలీసు అక్రమంగా ప్రాణం తీస్తే ఏమిటి దారి అని జస్టిస్ ఖన్నా అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం దారి లేదన్నాడు అటార్నీ జనరల్. 1976 ఏప్రిల్ తీర్పులో అయిదుగురు జడ్జీల్లో నలుగురు సర్కారు పక్షమే. ఖన్నా ఒక్కడే కాదన్నాడు.

లౌకిక మిత్రులారా, మీరు 1975ని చీకటి అంటారు. సరే. పొద్దు గూకింది ఎప్పుడు? 1962లో, 1971లో దేశం ప్రమాదంలో ఉందనగానే అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. కొట్టకపోతే ఏమవుతుందో తెలుసు గనక మీకంటే గట్టిగా కొట్టాం.

1978లో 44వ సవరణతో కొంత మరమ్మతు చేశారు. ఇప్పుడు ఎమర్జెన్సీలోనైనా ప్రాణహక్కు కోసం కోర్టుకెళ్లొచ్చు. మా గడపదాకా ఆ మరమ్మతు రాలేదు. 1965 యుద్ధం పేరుతో మహమూదాబాద్ రాజా ఆస్తుల్ని 'శత్రు ఆస్తి' అని పట్టుకున్నారు. తండ్రి 1957లో పాకిస్తాన్ పౌరుడయ్యాడు. కొడుకు ఇక్కడే ఉండిపోయాడు, భారత పౌరుడు. ఎమర్జెన్సీ ఎత్తేసిన 1968లోనే, పట్టుకున్నవి చేజారకుండా శత్రు ఆస్తి చట్టం తెచ్చారు. కొడుకు దశాబ్దాలు కోర్టుల చుట్టూ తిరిగితే 2005లో సుప్రీంకోర్టు ఆయన శత్రువు కాడు, ఆస్తి తిరిగివ్వండి అంది. 2017లో చట్టమే మార్చేశారు. శత్రువు చనిపోయినా, వారసుడు భారత పౌరుడే అయినా, ఆస్తి శత్రు ఆస్తే. అదీ 1968 నుంచే వర్తిస్తుందట! సివిల్ కోర్టుల తలుపులూ మూశారు.

రాజుల మీద మాకేం మోజు లేదు. సుప్రీంకోర్టు దాకా గెలిచిన రాజాకే ఈ గతయితే, పెదనాన్న కరాచీ వెళ్లిపోయిన రెండుగదుల ఇంట్లో పాతబస్తీలో బతికేవాడు ఏ కాగితం చూపిస్తాడు? ఈ దేశంలో ఉండిపోవడం మేం ఎంచుకున్నది. తండ్రి వెళ్లిపోయాడని కొడుకును శత్రువనే చట్టం ఉంటే, ఆ ఎంపికకు విలువేముంది?

యుద్ధం పేరుతో తెచ్చిన ప్రతి చట్టం మీదా ముగిసే తేదీ రాయమంటున్నాం. భారత పౌరులైన వారసుల్ని ఆ శత్రువుల జాబితాలోంచి కొట్టెయ్యమంటున్నాం. ఈసారి తుపాకి పేలకముందే, రేడియో గొంతు మామూలుగా ఉన్నప్పుడే, మాతోపాటు మీరూ అడుగుతారా?