తిప్పుడు చాలించండి, దెబ్బ నేర్పండి

కర్రసాము పేరుతో మన పిల్లలకి నేర్పుతున్నది కర్ర తిప్పడం ఒక్కటే. దసరా అయినా, పీర్ల పండగ అయినా గుడివాడ చుట్టుపక్కల ఇదే వరస. డప్పు మోగుతుంది, కర్ర గిర్రున తిరుగుతుంది, జనం ఈలలేస్తారు. ఆ కర్ర ఒక్కసారైనా దేనికైనా తగిలిందా? తగిలితే చేతిలోంచి ఎగిరిపోతుందని నేర్పినవాడికీ తెలుసు.

ఈ తిప్పుడునే మణికట్టు బలమని పిల్లల్ని నమ్మిస్తున్నారే, నా మంటంతా అక్కడ. బలం పాదం నేలని తన్నిన చోట పుడుతుంది. నడుము తిరిగితే భుజానికి ఎక్కుతుంది, మోచేతికి అందుతుంది. మణికట్టు వంతు చిట్టచివర. అప్పటిదాకా వదులుగా ఉండి, ఆఖర్న విసిరి కర్ర కొసకి వేగమివ్వాలి, తగిలే క్షణానికి పిడికిలి బిగియాలి. ముందే బిగిస్తే వేగం చస్తుంది. బిగించకపోతే కర్ర ఎదురుతన్ని వేళ్లు విచ్చుకుంటాయి. కొస వేగం రెట్టింపైతే దెబ్బలో శక్తి నాలుగింతలవుతుంది, నిజమే. అయితే వెనక ఒళ్లు లేని వేగం తగలగానే ఆగిపోతుంది.

నమ్మనివాళ్లు గెల కోసేసిన అరటి బోదె ఒకటి తెచ్చి నిలబెట్టండి. దివిసీమ లంకల్లో దానికి కరువా? నడుము కదపకుండా కొట్టండి. చప్పుడొస్తుంది, పైపొర చిట్లుతుంది, అంతే. ఇప్పుడు వెనక మడమ తిప్పి, నడుముతో కొట్టండి. పొరలు నలిగి నీరు కారుతుంది, కర్ర లోపలికి దిగబడుతుంది.

ఫిలిప్పీన్స్ వాళ్ల కర్రసాము అర్నిస్‌లో మణికట్టుతోనే కొట్టే ‘అబానికో’ లేదా అంటారు. ఉంది. అది చటుక్కున దిశ మార్చి ఎదుటివాణ్ణి తికమకపెట్టడానికి. వాళ్లు అక్కడితో ఆగరు, జంటగా నిలబడి కర్రకి కర్ర తగిలిస్తూ సాధన చేస్తారు. 2009లో చట్టం చేసి మరీ దాన్ని జాతీయ క్రీడ చేసుకున్నారు. పక్కనే తమిళుల సిలంబం ముఖాముఖి పోటీల్లో తగిలిన దెబ్బకి పాయింటు ఉంది.

పిల్లలకి గాయాలవుతాయన్న సాకు నాకు చెప్పొద్దు. హెల్మెట్లున్నాయి, మెత్తలున్నాయి. బరువే లేని ప్లాస్టిక్ గొట్టం చేతికిచ్చి, ఆత్మరక్షణ అని చెప్పి ఆడపిల్లల తల్లిదండ్రుల దగ్గర ఫీజు తీసుకోవడం కంటే ప్రమాదం ఏముంది? ఆ పిల్లకి నిజంగా ఆపదొస్తే ఎదుటివాడు చప్పట్లు కొడుతూ నిలబడడు. గురువులారా, వెదురు కర్ర ఇవ్వండి. ఊక బస్తా కట్టండి. రేపటి నుంచి మొదటి అరగంట కొట్టించండి.