వత్తు ఎక్కడ తగిలిందో చెప్పండి

రైల్వే వర్క్‌షాప్ పనికని వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ ఇళ్లలో ఓ అమ్మాయో అబ్బాయో తొలి వెబ్ పేజీ కట్టి స్నేహితులకు చూపిస్తే, చాలాసార్లు వచ్చే జవాబు ‘బాగుంది’. అభిమానమే, కానీ దాంతో పేజీ మెరుగుపడదు.

‘లక్ష్మి’నే చూడండి. క కింద రెండు వత్తులు. ఇంగ్లిషుకు సరిపడే లైన్ హైట్ పెడితే అవి కింది వరుసలోని గుడులకు తగులుతాయి. రాసినవాళ్లకు ఆ మాట కంఠతా వచ్చు కనుక చిక్కు కనబడదు, కొత్త కళ్లకు వెంటనే కనబడుతుంది. లేత రంగు అక్షరాలూ అంతే: మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలంటాయి వెబ్ ప్రమాణాలు.

అందుకే ఈ సంచికను తోటివారి సమీక్షకు కేటాయించాం. ఈసారి ఎవరైనా పేజీ చూపిస్తే మీ ఫోన్‌లో తెరవండి. ఏ వరుసలో ఏం తగిలిందో స్క్రీన్‌షాట్ తీసి పంపండి.